చెవి మేస్త్రీ

వంటింట్లో టైల్స్ వేయించుకునేవాళ్లని చూస్తే నాకు ఒకటే ఆశ్చర్యం. రంగు ఎంచుకోవడానికి మూడు వారాలు తీసుకుంటారు. టైలుకీ టైలుకీ మధ్య గీత ముదురుగా ఉండాలా లేతగా ఉండాలా అన్న దగ్గర అత్తాకోడళ్లకి మాటలు ఆగిపోయిన ఇళ్లున్నాయి. ఇంతా చేసి, ఆ టైలు కింద ఏముందని మాత్రం ఒక్కరూ అడగరు. చొక్కా ఇస్త్రీ చూసి అల్లుణ్ణి ఖాయం చేసుకోవడం లాంటిదే ఇది కూడా.

చెవి మేస్త్రీకి ఈ సంగతి తలుచుకుంటేనే ఒళ్లు మండేది. "టైలు అంటించడం ఏముందండీ, రెండు చేతులున్న ఎవడైనా అంటిస్తాడు. కింద నేల సిద్ధం చెయ్యడం, అదీ పని," అని వెళ్లిన ప్రతి ఇంట్లోనూ చెప్పేవాడు. విన్నవాళ్లు బుద్ధిగా తలూపి, "అది సరే, ఎప్పటికి అవుతుంది?" అని అడిగేవారు. అతను జవాబు చెప్పకుండా చెప్పులు విడిచి లోపలికి వెళ్లేవాడు.

లోపలికి వెళ్లాక మొదట మనుషుల్ని బయటికి పంపేవాడు. తర్వాత ఫ్రిజ్ ఆపించేవాడు. కుళాయి బొట్లు పడుతుంటే బిగించేవాడు. గోడ గడియారం తీసి వసారాలో పెట్టించేవాడు. అప్పుడు గుమ్మం మూల మోకాళ్ల మీద కూర్చుని, తాపీ తిరగేసి పట్టుకుని, దాని చెక్క పిడితో నేలని జానెడు జానెడు దూరంలో కొట్టుకుంటూ పోయేవాడు. కళ్లు మూసుకుని, తల ఒక పక్కకి వాల్చి, చెవి నేలకి దగ్గరగా పెట్టి వినేవాడు. గట్టి నేల ఠక్ అంటుంది. కింద పట్టు వదిలేసిన నేల డబ్ అంటుంది. ఈ రెంటికీ మధ్య ఇంకో చప్పుడు ఉందనీ, అది ఇప్పటికి బాగానే ఉన్నా ఆర్నెల్లలో వదిలేసే నేల చేసే చప్పుడనీ అతను చెప్పేవాడు. ఆ మూడో చప్పుడు అతను తప్ప ఎవరూ వినలేదు. డొల్ల దొరికిన చోటల్లా జేబులోంచి సుద్దముక్క తీసి సున్నా చుట్టి, "పైన పటారం, లోన లొటారం," అని పైకే అనేవాడు. గుమ్మం బయట నిలబడ్డ ఇంటివాళ్లలో కొందరు అది తమని అన్నాడనుకుని నొచ్చుకున్నారు కూడా.

చెవి మేస్త్రీ అన్న పేరు అలా వచ్చింది. ఆ పేరంటే అతనికి ఇష్టం. తాపీ పట్టినవాళ్లు ఊళ్లో ఎంతమంది లేరు, చెవి ఉన్నవాడు తనొక్కడే అని అతని లెక్క. ఇంటి దగ్గర కూడా చెయ్యి ఊరుకునేది కాదు. బల్లలు, బిందెలు, పుచ్చకాయలు, అద్దెకి తీసుకోబోయే ఇంటి గోడలు, అన్నిటినీ కొట్టి చూసేవాడు. ఒక ఇంటాయన గోడ కొట్టించుకోవడం ఇష్టం లేక ఇల్లే ఇవ్వనన్నాడు. ఆ గోడ డొల్లని మేస్త్రీ ఈనాటికీ అంటాడు.

అతని భార్య దర్జీ. ముందు గదిలో కుట్టు మిషను పెట్టుకుని ముప్పై ఒక్క ఏళ్లుగా వీధిలో సగం మందికి బట్టలు కుడుతోంది. మిషను నడుస్తుండగా చప్పుడులో పిసరంత తేడా వస్తే చాలు, కింద బాబిన్లో దారం అయిపోవచ్చిందని రెండు గజాల ముందే ఆమెకి తెలిసిపోయేది. ఆమెని ఎవరూ చెవి దర్జీ అనలేదు. పనికి పేరు రావాలంటే నలుగురి ఇళ్లకీ వెళ్లి చెయ్యాలి కాబోలు.

ఇక మేస్త్రీ చెవులు ఎలా పోయాయో చెప్పాలి. ఇది అతను ఒక్కడే చెయ్యగలిగిన తప్పు. టైలు కోసే కటింగ్ మిషను అరుపు మీకు తెలిసే ఉంటుంది. మిషను అమ్మిన కొట్టువాడు దానితో పాటు చెవుల్లో పెట్టుకునే బిరడాలు కూడా ఇచ్చాడు. మేస్త్రీ వాటిని వెనక్కి ఇచ్చేశాడు. "చెవి నా పనిముట్టు. పనిముట్టుకి గుడ్డ చుట్టి ఎవడైనా పని చేస్తాడా?" అన్నాడు. అలా ఇరవై రెండేళ్లు ఆ మిషను పక్కన ఒట్టి చెవులతో కూర్చున్నాడు. అతనితో కలిసి పనిచేసే బావమరిది, అంటే దర్జీ తమ్ముడు, చెవుల విషయంలో ఏ పేరూ లేనివాడు కాబట్టి మొదటి రోజు నుంచీ దూది కుక్కుకున్నాడు. పేరు లేని చెవులు మిగిలాయి. పేరున్న చెవులు పోయాయి.

పోవడం కూడా ఒక్కసారిగా పోలేదు. ముందు ఆ మూడో చప్పుడు పోయింది. తర్వాత ఠక్‌కీ డబ్‌కీ మధ్య తేడా అరిగిపోతూ వచ్చింది. తప్పు చెవిదని అతనికి తోచలేదు. "ఈ కాలం సిమెంటుకి గొంతు లేదు," అని కొన్నాళ్లు సిమెంటుని తిట్టాడు. ఆ తిట్టే రోజుల్లోనే ఒక గుమస్తా ఇంట్లో వంటింటి నేల పరీక్షించి, దివ్యంగా ఉందని టైల్స్ వేశాడు. నాలుగో నెలలో ఒక పొద్దున, గుమస్తా గడ్డం గీసుకుంటుండగా, తొమ్మిది టైల్స్ చప్పుడు చేస్తూ వరసగా లేచి నిలబడ్డాయి. గుమస్తా గడ్డం తెగింది. మేస్త్రీ వెళ్లి చూసి, వంటింటికి గాలి ఆడకపోవడం వల్ల ఇలా అయిందని చెప్పి, అన్నీ తీసి మళ్లీ వేసి వచ్చాడు.

ఆ సాయంత్రం ఇంట్లో, మేకు దిగకుండా పెచ్చు ఊడిన గోడ దగ్గరికి వెళ్లి కొట్టి చూశాడు. అక్కడ డొల్ల ఉందని అతనికి పదేళ్లుగా తెలుసు. డొల్ల మీద కొట్టాడు, పక్కన కొట్టాడు. రెండూ ఒకేలా ఉన్నాయి. మళ్లీ కొట్టాడు. అతనికి భయం వేసింది. చెయ్యి విరిగిన మేస్త్రీని చూస్తే జనం జాలిపడతారు, చెవి పోయిన చెవి మేస్త్రీని చూస్తే నవ్వుతారు. ఎవరికీ చెప్పకూడదనుకున్నాడు. వినేకంటే మాట్లాడడం మేలని కనిపెట్టి, అప్పటినుంచీ నలుగురిలో ఎక్కువగా మాట్లాడడం మొదలుపెట్టాడు.

చిత్రంగా, ఆ తర్వాత ఏ ఇంట్లోనూ టైలు లేవలేదు. కారణం బావమరిది. గుమస్తా ఇంట్లో లేచిన టైల్స్ పీకుతున్నప్పుడే అతనికి విషయం అర్థమైంది. బావకి చెప్పే ధైర్యం లేక వేరే దారి చూసుకున్నాడు. మధ్యాహ్నం భోజనం చేసి మేస్త్రీ ఓ పావుగంట నడుం వాల్చేవాడు. ఆ పావుగంటలో బావమరిది తన ముద్ద ఆపేసి, నేలంతా మళ్లీ కొట్టి చూసి, వదిలేసిన డొల్లలకి బావ సుద్దతోనే సున్నాలు చుట్టేవాడు. మేస్త్రీ లేచేసరికి సున్నాలు కొన్ని ఎక్కువగా కనపడేవి. తనే చుట్టి మరిచిపోయాననుకునేవాడు. చెవి పోయిందనుకోవడం కంటే మతి పోతోందనుకోవడం అతనికి సుఖంగా ఉండేది.

ఇలా ఏడాదిన్నర గడిచింది. ఒకరోజు బావమరిది ఇంట్లో బల్బు మార్చబోయి స్టూలు మీంచి పడ్డాడు. చీలమండ విరిగింది, ఆరు వారాలు కట్టు. చూడ్డానికి వచ్చిన అక్కతో అసలు సంగతి చెప్పాడు.

"అక్కా, బావకి వినపడటం లేదు."

"నా మాట ఎప్పుడు విన్నారు గనక," అంది దర్జీ.

"అది కాదక్కా. నిజంగానే వినపడటం లేదు. డొల్ల నేల కొట్టి గట్టిగా ఉందంటున్నాడు."

ఇంట్లో టీవీ గొంతు పెంచడం, పిలిస్తే పలకకపోవడం ఆమె చూస్తూనే ఉంది. కానీ ముప్పై ఏళ్లుగా వినని మనిషికి ఇప్పుడు వినపడటం లేదని కనిపెట్టడం ఎలా? చెవినిల్లు కట్టుకుని పోరినా కదలడని రోజూ తిట్టుకుంటూనే ఉంది, ఆ తిట్లు కూడా ఆయన్ని చేరలేదన్నమాట. ఆమెకి ఏడుపొచ్చింది, అంతలోనే కోపం వచ్చింది, రెండూ తమ్ముడి ముందు బాగుండవని మంచం మీద దుప్పటి సర్దింది.

"ఇప్పుడు ఒప్పుకున్నది ఎవరి వంటిల్లో తెలుసా? లెక్కల టీచరమ్మది," అన్నాడు తమ్ముడు. "ఊళ్లో సగం మంది ఆవిడ దగ్గర చదివినవాళ్లే. అక్కడ ఒక్క టైలు లేచిందంటే బావ ఇంక తాపీ ముట్టడు. మధ్యాహ్నం క్యారేజీ వంకతో నువ్వు వెళ్లి, బావ పడుకున్నాక నాలాగే నేల కొట్టి చూడు."

లెక్కల టీచరమ్మకి డెబ్భై ఆరేళ్లు. ఉద్యోగం మానేసి చాలా కాలమైనా ఆవిడ గొంతు మానలేదు. మోకాళ్ల నొప్పుల వల్ల ఎక్కువ సేపు నిలబడలేరు గనక, వంటింటి గుమ్మానికి అడ్డంగా పేము కుర్చీ వేసుకుని, ఒళ్లో నోటుపుస్తకం పెట్టుకుని కూర్చున్నారు. జరిగే ప్రతి పనీ తేదీ వేసి అందులో రాస్తున్నారు. బయటికి వెళ్లమని చెప్పే అలవాటు మేస్త్రీ ఆ ఒక్క ఇంట్లో మానుకున్నాడు. ఏడో తరగతిలో ఆవిడ అతని చెవి మెలిపెట్టిన సంగతి ఇద్దరికీ గుర్తుంది. ఆ లెక్కన అతని చెవుల మీద మొదట పనిచేసింది ఆవిడే.

మొదటి రోజు వంటిల్లంతా ఖాళీ చేశాడు. పొయ్యి, డబ్బాలు, బీరువా ముందు గదిలోకి వెళ్లాయి. పొయ్యి ఉన్న చోట పాత గచ్చు ఏళ్ల తరబడి నూనె తాగి నల్లబడింది. నూనె తాగిన నేల సిమెంటుని పట్టదు. వేడినీళ్లు, సబ్బుపొడి, తీగల బ్రష్షు పెట్టి, అడుగున అసలు రంగు కనపడేదాకా తోమాడు. సాయంత్రం వెళ్లేముందు సింకు కింద ఒక ప్లాస్టిక్ కాగితం పరిచి నాలుగు అంచులా టేపు అంటించాడు. పొద్దున చూస్తే కాగితం అడుగున చెమట పట్టినట్టు నీటి బొట్లున్నాయి. చెమ్మ కింద నుంచి వస్తోందన్నమాట. ప్లంబర్ని పిలిపించి, గోడలో కారుతున్న పైపు జాయింటు మార్పించి, ఫ్యాను పెట్టి మూడు రోజులు ఆరబెట్టాడు. మళ్లీ కాగితం పరిచి, అది పొడిగా లేచాకే పనిలో దిగాడు.

"ఇన్ని రోజులా?" అన్నారు టీచరమ్మ.

"చెమ్మ మీద వేస్తే ఏడాదిలో మళ్లీ నన్ను పిలవాల్సొస్తుంది టీచర్ గారూ."

ఆవిడ అది కూడా రాసుకున్నారు. తర్వాత అతను అల్యూమినియం బద్దని నేల మీద అడ్డంగా, నిలువుగా, ఐమూలగా పెట్టి, దాని మీద రసమట్టం ఉంచి, నీటి బుడగ ఎటు పోతుందో చూశాడు. కిటికీ దగ్గర వేలు దూరేంత గుంట, గుమ్మం దగ్గర చిన్న మిట్ట. మిట్ట చెక్కేశాడు. కంటితో, చేత్తో చేసే పని ఏదైనా అతను ఇప్పటికీ ఊళ్లో అందరికంటే బాగా చేస్తాడు. అందులో సందేహం లేదు.

ఇక మిగిలింది నేల కొట్టి చూడడం. సరిగ్గా ఆ రోజు మధ్యాహ్నం దర్జీ క్యారేజీ పట్టుకుని వచ్చింది.

"నువ్వొచ్చావేంటి?" అన్నాడు మేస్త్రీ. ఇన్నేళ్లలో ఆమె పని దగ్గరికి రావడం అదే మొదటిసారి.

"తమ్ముడు లేడుగా," అంది ఆమె.

అది జవాబు కాకపోయినా అతను మళ్లీ అడగలేదు. తాపీ తిరగేసి, మోకాళ్ల మీద కూర్చుని, కళ్లు మూసుకుని కొట్టడం మొదలుపెట్టాడు. ఆమె టీచరమ్మ కుర్చీ వెనక నిలబడి వింది. ఠక్, ఠక్, ఠక్. సింకు దగ్గరికి రాగానే డబ్ అంది. ఇంకో జానెడు అవతల డబ్. ఇంకోటి డబ్. చాటంత మేర నేల కింద ఏమీ లేదు. అతను ఆగలేదు. కళ్లు మూసుకుని, తల వాల్చి, ఎంతో శ్రద్ధగా వింటూ ముందుకి వెళ్లిపోయాడు. కిటికీ కింద ఒకటి, గోడ అలమర మూల ఒకటి, అలాగే దాటాడు. పైకి పగులు కనిపించిన రెండు చోట్ల మాత్రం సున్నాలు చుట్టాడు.

"అయిందా?" అన్నారు టీచరమ్మ గట్టిగా.

"అయింది టీచర్ గారూ. ఆ రెండూ తప్పితే అంతా గట్టిగా ఉంది," అని లేచి మోకాళ్లు దులుపుకున్నాడు.

ఆ మాట అంటున్నప్పుడు దర్జీ అతని మొహం చూసింది. అబద్ధం చెబుతున్న మొహం కాదది. పరీక్ష రాసి, ఫలితం ఎలా ఉంటుందో తెలియక నవ్వే పిల్లాడి మొహం. అతను పెరటి మెట్ల మీద భోజనం చేసి, తువాలు పరుచుకుని పడుకున్నాడు.

ఆమె వంటింట్లోకి వెళ్లింది. తాపీ అక్కడే ఉంది. సుద్దముక్క అతని జేబులో ఉంది. తన సంచిలో బట్టల మీద గీసే నీలం సుద్దబిళ్ల ఉంటే అదే తీసింది. టీచరమ్మ కుర్చీలో కదలకుండా చూస్తున్నారు. ఆమె మోకాళ్ల మీద కూర్చుని సింకు ముందు నెమ్మదిగా కొట్టింది. పెరట్లో ఉన్న మనిషికి వినపడుతుందేమోనన్న భయం అక్కర్లేదు, ఆ ఒక్కటీ కలిసొచ్చింది.

"ఏం వెతుకుతున్నావమ్మా?"

"సూది పడిపోయింది టీచర్ గారూ."

"సూది పడితే నేలని కొడతారా?"

"చప్పుడుకి కనపడుతుందేమోనని."

"నలభై ఏళ్లు పిల్లలకి లెక్కలు చెప్పాను. నీకంటే మంచి అబద్ధాలు విన్నాను," అని టీచరమ్మ నోటుపుస్తకంలోకి తల వంచుకున్నారు. మళ్లీ తల ఎత్తలేదు. ఆమె మూడు చోట్లా డొల్ల ఎంత మేర ఉందో కొట్టి చూసి, చుట్టూ గీసి, సూది దొరికిందని చెప్పి బయటికి వచ్చింది.

మేస్త్రీ నిద్ర లేచి వచ్చి గుమ్మంలో ఆగిపోయాడు. నేల మీద తను చుట్టనివి మూడున్నాయి. అవి తెల్లగా లేవు, నీలంగా ఉన్నాయి. పైగా ఒక్కోటి రెండు గీతలతో ఉంది. లోపలి గీత డొల్ల అంచు, దానికి వేలెడు ఎడంగా బయట ఇంకో గీత. గుడ్డ మీద కుట్టుకి ఒక గీతా, కత్తిరింపుకి ఒక గీతా గీయడం అలవాటైన చెయ్యి, నేల మీద కూడా అలాగే గీసింది. ఆ రెండు గీతల్ని అతను ముప్పై ఒక్క ఏళ్లుగా తన చొక్కాల లోపలి వైపు చూస్తున్నాడు.

ముందు కోపం వచ్చింది. నా పనిలో వేలు పెట్టడానికి ఇదెవరు అనుకున్నాడు. తర్వాత, ఏడాదిన్నరగా మధ్యాహ్నం నిద్ర లేచాక ఎక్కువైన సున్నాలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. మతిమరుపు అనుకున్నవి. బావమరిది ముద్ద చల్లారిపోయి ఉండడం, "ఇవాళ ఆకలి లేదు బావా" అనడం గుర్తొచ్చాయి. అందరికీ తెలుసు. తెలియంది తనొక్కడికే, లేదా తెలియనట్టు ఉన్నది తనొక్కడే. సిగ్గుతో మొహం వేడెక్కింది.

శానం, సుత్తి తీసుకుని సింకు ముందు నీలం గీత మధ్యలో పెట్టి కొట్టాడు. రెండో దెబ్బకే గచ్చు పళ్లెంలా పైకి లేచింది. కింద పొడి ఇసుక, దుమ్ము, చీమలు వేసుకున్న దారి. అరచెయ్యి దూర్చి చూశాడు. మణికట్టు దాకా వెళ్లింది. దీని మీద టైల్స్ వేసి ఉండేవాడు. మోకాళ్ల నొప్పులతో ఉన్న ముసలావిడ వేడి గిన్నె పట్టుకుని రోజూ సరిగ్గా ఇక్కడే నిలబడి ఉండేది.

"అక్కడ గట్టిగా ఉందన్నావు," అన్నారు టీచరమ్మ, ఈసారి కూడా గట్టిగానే.

జవాబు సిద్ధంగా ఉంది. పాత గచ్చు టీచర్ గారూ, పైకి ఒకటి లోపల ఒకటి, అనుమానం వచ్చి తిరగదోడాను అంటే సరిపోతుంది. ఆవిడ నమ్మినా నమ్మకపోయినా రాసుకునేవారు.

"నేనేనండీ, ఇందాక సూది..." అని దర్జీ కుర్చీ వెనక నుంచి అందుకుంది.

అతను ఆమె వైపు చెయ్యి ఎత్తి ఆపాడు.

"నాకు వినపడలేదు టీచర్ గారూ. రెండేళ్ల నుంచీ వినపడటం లేదు. ఆ నీలం గుర్తులు మా ఆవిడ పెట్టింది. ఇదివరకు ఇళ్లలో మా బావమరిది పెట్టేవాడు, నేను నిద్రపోతున్నప్పుడు."

వినపడనివాళ్లకి తమ గొంతు ఎంత పెద్దదో తెలియదు. ఆ మాట ఆ ఇంట్లోనే కాదు, పక్కింట్లో కూడా వినపడింది. పక్కింటి కిటికీలో గిన్నెలు తోముతున్న చప్పుడు ఆగింది.

"ఈ సంగతి ఎవరెవరికి తెలుసు?" అన్నారు టీచరమ్మ.

"వీళ్లిద్దరికీ. ఇప్పుడు మీకు."

"పక్కింటివాళ్లకి కూడా," అని ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "మరి నా వంటిల్లు సంగతేంటి?"

"వేరే మేస్త్రీని పిలుచుకోండి. మంచివాణ్ణి నేనే చెబుతాను. చెమ్మ తీశాను, మట్టం చూశాను, ఆ వరకూ నమ్మొచ్చు. తక్కింది నమ్మొద్దు," అన్నాడు. అంటూ తాపీని గుడ్డతో తుడిచి సంచిలో పెట్టుకున్నాడు. దర్జీకి అది చూడబుద్ధి కాలేదు. ముప్పై ఏళ్లలో ఆ తాపీ పని మధ్యలో సంచిలోకి వెళ్లడం ఆమె వినలేదు.

టీచరమ్మ ఏదో అన్నారు. అతనికి అందలేదు. ఆవిడ కుర్చీ చేతుల మీద బలం పెట్టి లేచి నిలబడి, ఏడో తరగతి గొంతుతో మళ్లీ చెప్పారు.

"మొదటి మెట్టులో లెక్క తప్పితే ఏం చేస్తారో చెప్పానా లేదా?"

"చెప్పారు."

"ఏం చేస్తారు?"

"తుడిచేసి మళ్లీ చేస్తారు."

"చెయ్యి మరి. వినపడేవాళ్లని విననీ, చేతనైనవాళ్లని చెయ్యనీ. నాకు కావాల్సింది వంటిల్లు. ఎవరి చెవో నాకెందుకు?" అని కూర్చుని, పుస్తకంలో ఆ తేదీ కింద ఒక గీత కొట్టి, కొత్త పేజీ తిప్పారు.

మేస్త్రీ తడిగుడ్డ తెచ్చి తెల్ల గుర్తులూ నీలం గుర్తులూ అన్నీ తుడిచాడు. తాపీని సంచిలోంచి తీసి భార్య చేతికిచ్చాడు. ఆమె చీర కుచ్చిళ్లు సర్దుకుని గుమ్మం మూల మోకాళ్ల మీద కూర్చుంది. అతను ఎదురుగా సుద్దముక్క పట్టుకుని కూర్చున్నాడు.

"పిడి కొసన పట్టుకోకు, మధ్యలో పట్టుకో. గట్టిగా కొట్టక్కర్లేదు. తలుపు తట్టినట్టు కొట్టు."

ఆమె కొట్టింది. "బాగానే ఉంది," అంది.

ఇంకో జానెడు. "బాగానే ఉంది."

మూడోది కూడా బాగానే ఉందనేసరికి అతను సుద్ద కింద పెట్టాడు. కూర ఎలా కుదిరిందన్నా, నడుం నొప్పి ఎలా ఉందన్నా, బతుకు ఎలా ఉందన్నా ముప్పై ఒక్క ఏళ్లుగా ఆమె చెప్పే జవాబు అదే. ఆ జవాబు మీద అతను ఏనాడూ కొట్టి చూడలేదు.

"నన్ను చూసి చెప్పకు. నేలని విని చెప్పు," అన్నాడు.

ఆమె అతని వైపు తిరిగింది. "రెండేళ్లు. నాతో ఒక్క మాట అనలేకపోయారా?"

ఆ మాట ఆమె మామూలు గొంతుతోనే అంది. అతను పెదాలు చూసి అర్థం చేసుకున్నాడు. "అంటే ఏం చేసేదానివి?"

"వచ్చేదాన్ని. ఇలాగే."

నలుగురిలో ఎక్కువ మాట్లాడడం నేర్చుకున్న మనిషి ఆమె ముందు నోరు తెరవలేకపోయాడు. చివరికి, "ఆదివారం ఆ గుమస్తా ఇంటికి వెళ్లాలి. గాలి ఆడక కాదు, నా తప్పేనని చెప్పాలి. మిగతా నేల కూడా నువ్వోసారి వినాలి," అన్నాడు. ఆమె సరేనంది. మళ్లీ కొట్టడం మొదలుపెట్టింది.

అతనికి చెవితో పనిలేకపోవడం వల్ల చూడడం తప్ప వేరే పని లేకపోయింది. కళ్లు మూసుకుని పనిచేసిన మనిషి, ఈసారి కళ్లు తెరిచి కూర్చున్నాడు. ఆమె వినేటప్పుడు పెదాలు లోపలికి మడుచుకుంటుంది. నోట్లో గుండుసూదులు పట్టుకునే అలవాటు అది, సూదులు లేకపోయినా పోలేదు. గట్టి నేల అయితే రెప్ప వేస్తుంది, ముందుకి జరుగుతుంది. సింకు ముందు పెల్లగించిన గొయ్యి అంచుకి వచ్చేసరికి ఎడమ కనుబొమ్మ ఒక్క పిసరు పైకి లేచింది. "ఇది డొల్ల," అంది తర్వాత. అతను గుర్తు పెట్టాడు. ఇంకో జానెడు కొట్టింది. కనుబొమ్మ లేచింది. "ఇదీ డొల్లే." అతను గుర్తు పెట్టాడు. ఇన్నేళ్లూ ఒకే కప్పు కింద ఉండి ఆ కనుబొమ్మని తను ఎందుకు చూడలేదో అతనికి తెలియలేదు. అది ఎన్నిసార్లు లేచి దిగి ఉంటుందో, ఏయే మాటలకి లేచి ఉంటుందో అనుకున్నాడు.

అలమర మూల అయింది. ఎండ కిటికీలోంచి నేల మీదికి వచ్చింది. టీచరమ్మ కుర్చీలో కునుకు తీస్తున్నారు, పుస్తకం ఒళ్లోంచి జారి ఉంది. ఆమె కిటికీ కిందికి జరిగి, గుంటకి ఇవతల కొట్టింది. రెప్ప వేసింది. అవతల కొట్టింది. చెప్పడానికి తల ఎత్తేసరికి అక్కడ సున్నా చుట్టి ఉంది.

ఆమె ఆ సున్నాని చూసింది, అతన్ని చూసింది.

"మీకు వినపడిందా?"

"లేదు," అన్నాడు. "తర్వాతది కొట్టు."